అటక మీది సంచి

"పాత సైలెన్సర్ నీ దగ్గరే పడెయ్ బాబాయ్" అన్నాడు
పేరిచర్ల వాళ్ల కుర్రాడు.
పడెయ్యడం వేరు, దాచడం వేరు.
నాకు రెండోదే వచ్చు.

అరవై ఎనిమిది మోడల్ బుల్లెట్.
పొట్టి గొట్టం, తెల్లలైటు, వెడల్పు టైరు,
కిక్ రాడ్ పీకించి సెల్ఫ్ స్టార్టు.
రాజోలు సెంటర్లో ఇప్పుడది దగ్గదు, అరుస్తుంది.

విప్పినవన్నీ కిరసనాయిల్లో కడిగాను.
కార్బురేటర్‌కి నా పాత లుంగీ గుడ్డ,
బోల్టులకి హార్లిక్స్ సీసా,
మిగతావాటికి గ్రీజు పూసి ఎరువుల సంచి,
సంచి మీద బండి నెంబరు ఎర్ర పెయింటుతో.
ఉప్పుగాలికి మా వైపు ఇనుము
వారం తిరక్కుండా పూతకొస్తుంది.

సైలెన్సర్ కింద ఒక సొట్ట.
కోటిపల్లి రేవులో పంటు ఎక్కిస్తూ
వాళ్ల తాత జారిపడ్డ చోటు.
కొట్టి సరిచెయ్యమంటే మా నాన్న
"ఉండనివ్వండి, పరుగుకేం అడ్డం కాదండి, ఆయ్" అన్నాడట.

వరదొచ్చిన ఏడు
ముందు ఈ సంచిని అటకెక్కించాను,
తర్వాత బియ్యం.
మంగతాయారు ఇప్పటికీ దెప్పుతుంది.

కుర్రాడు బండి అమ్మేశాడట
తణుకు అవతల ఎవరికో.
ఫోన్ చేస్తే
"ఏ సంచి బాబాయ్?" అన్నాడు.

ఏడాదికోసారి దింపుతాను.
గుడ్డ విప్పి, తుడిచి, నూనె పట్టించి
మళ్లీ కడతాను.
నిన్న కిక్ రాడ్ చేతిలోకి తీసుకున్నానో లేదో
కుడికాలు
దానంతటదే లేచింది.