తెల్లదిబ్బ

శనివారం పాలిష్ మిషన్లు ఆగినాక
బేతంచెర్ల బయట బండల పొడి దిబ్బ
ఎండకు ఇంకా మండుతానే ఉంటాది.

మంచుకొండల కాపలా నుంచి
సెలవు మీద వచ్చిన మద్దిలేటి
చెక్కపలకలకు సైకిల్ ట్యూబులు బిగించినాడు,
నాకో జత, వానికో జత.
"ఎక్కేటప్పుడు మడమ లేస్తాది.
వేళ్లు మాత్రం పలకను వదలకూడదు."
వాని ఎడమకాలికి వేళ్లు మూడే.

పాము మాదిరి వంకర్లు తిరుగుతా ఎక్కినాం.
మూతికి తువ్వాలు.
పదకొండేండ్ల నా దగ్గు
నాకంటే ముందే శిఖరం చేరింది.
శిఖరమంటే, రెండు తాటిచెట్ల ఎత్తు.
కింద కంపచెట్లు, ఎవరిదో తప్పిపోయిన మేక,
డోన్ దిక్కు పోయే గూడ్సు.

"ఆడ కిందికి చూస్తే ఏం కనపడతాది?"
"ఏమీ కనపడదు. తెలుపే.
నలుగురం ఒకే తాడుకు కట్టుకోని పోతాం.
ఒకడు పగులులో పడితే
మిగతా ముగ్గురి నడుములకు ముందు తెలుస్తాది."
ఎవరు పడినారని నేను అడగలేదు.

బండలెత్తే తాడు తెచ్చి ఇద్దరికీ ముడేసినాడు.
జారినాం.
మూడు గుక్కల దూరం. సగంలో నేను బోర్లా.
నోటినిండా సున్నపు రుచి.
వాడు పైన నిలదొక్కుకోని, తాడు బిగబట్టి,
నవ్వలేదు.

సోమవారం రాయి కోస్తా ఉంటే
నడుము కాడ ఎవరో లాగినట్లయింది.
మిషన్ ఆపి నిలబడినా.
వాని రైలు అప్పటికి
యాడిదాకా పోయిందో.