ఒకటి తక్కువ

మాబున్నీ, చేతులు కడుక్కోని రా.
బొరుగులు తిన్న చేత్తో వీటిని ముట్టగూడదు.
నూనె పట్టిన కార్డు పక్కదాన్ని వదలదు,
ఒకరి జవాబుకి ఇంకొకరిది
అతుక్కోని వస్తుంది.

ఇవి నేను కొన్నవి కాదు.
అనంతపురం పాతూర్లో, మన పరుపులంగట్లో,
ఎవరో ఏకమని ఇచ్చిపోయిన దిండు విప్పితే
నల్లబడిన దూది నడిమి
రబ్బరుబ్యాండు కరిగి అంటుకున్న కట్ట.
పేకముక్కలనుకుంటి.
రాజులుండారు, రాణులుండారు, సరే.
కాలికి తాడు కట్టి తలకిందులుగా యాలాడేవానికి
పేకాటలో ఏం పని?

చీటీ మీద పేరు చెమటకి చెరిగిపోయింది.
దిండు కొత్తగా కుట్టి, కొక్కేనికి తగిలిచ్చి,
మూడు నెల్లు చూస్తి.
ఎవురూ రాలా.

హుస్సేన్ పీరా ఫోన్లో వెతికి చెప్పె, టారో అంటారంట.
పెద్దవి ఇరవై రెండు, చిన్నవి యాభై ఆరు.
కప్పులు మనసుకు, కత్తులు తలలో రొదకు,
కట్టెలు పంతానికి, బిళ్లలు దుడ్డుకు.
నాకు తలకెక్కేదానికి రెండు రంజాన్లు పట్టె.

ఇదో, ఈమెను చూడు.
నడిరేత్రి లేచి కూర్చోని మొగం దాచుకునింది,
గోడకు తొమ్మిది కత్తులు.
మొదట నేనేమనుకుంటినో తెలుసా,
ఈమెకి పరుపు బాగలేదని!
ఇప్పుడూ సగం అట్లే అనుకుంటా.
అడగొచ్చినోళ్లకి ఈ కార్డు పడితే
ముందు అడిగేది, నిద్ర పడతాందా అమ్మా, అని.
సగం మంది ఆడ్నే ఏడుస్తారు.

తెల్లగుర్రం మీద ఎముకలోడు వస్తే భయపడొద్దు,
భయపెట్టొద్దు.
గడ్డలు కట్టిన పరుపును మనమేం చేస్తాం?
కుట్లు కోసి, కడుపు చీల్చి, దుమ్ము రాలేదాకా కొట్టి,
అదే దూదిని అదే గలీబులోకి మళ్లీ నింపుతాం.
అంతే చెప్పు.
అంతకు మించి తెలిసినట్టు మొగం పెట్టొద్దు.

తిప్పేస్వామి అని శెనక్కాయల రైతు,
ఏడు బోర్లు ఎండిపోయినోడు,
ఎనిమిదోది వెయ్యాల్నా అని వచ్చె.
మబ్బులోంచి చెయ్యి, చేతిలో కప్పు,
అంచులు దాటి కారే నీళ్లు, ఆ కార్డే పడె.
ఆయప్ప కండ్లు ఎట్ల మెరిసెనో!
నా నోరు ఎండిపాయ.
"ఆ నీళ్లు కార్డువి, స్వామీ. నేలవి కాదు" అంటి.
గమ్ముగా లేచిపాయ.
వేసినాడో లేదో నాకు తెలీదు.
ఆ పొద్దు దుడ్డు తీసుకోలా.

ఇంగ ఒక మాట. ఈ కట్టలో ఒకటి తక్కువ.
ఫోన్లో బొమ్మలతో సరిచూస్తే తెలిసె, నక్షత్రం లేదు.
మోకాలి మీద వంగి
రెండు కడవల్తో నీళ్లు ఒంపే ఆడది,
ఒకటి మడుగులోకి, ఒకటి నేల మీదికి.
మన ఊరికొచ్చిన కట్టలో
ఆమే ల్యాకపాయ, చూడు!
దారం కండెల అట్టపెట్టె కోసి
ఆమె జాగాలో తెల్లముక్క పెట్టినా.
అది పడితే "నాకు తెలీదు" అని చెప్పాల,
దుడ్డు వాపసియ్యాల.
ఆ ముక్క అరిగినంతగా
ఇంగేదీ అరగలా.

జాగ్రత్తలు చెప్తా, ఇను.
కలిపేటప్పుడు జారకపోతే
క్యారమ్‌బోర్డు పౌడరు చిటికెడు, మళ్లీ గుడ్డతో తుడువు.
ఎండలో పెట్టినావా, అప్పడాల మాదిరి వంకరపోతాయి.
దూది రేణువు మూలల్లో దూరుతుంది, ఊదు, గోకొద్దు.
ధర్మవరం మగ్గాల కాడ పట్టు తుంట ఇస్తారు,
దాంట్లో చుట్టు.
పున్నమి రేత్రి వెన్నెల్లో పెడితే బలమంటారు కొందరు.
నేనూ మిద్దె మీదే పెడతా,
ఇంట్లో ఉక్క కాబట్టి.
వెన్నెల వచ్చిందా, రానీ.

అలిగినప్పుడు తియ్యొద్దు.
నీ పెండ్లి సంగతి అడగొద్దు,
నేను అడిగి చెడినా.

అంగడి మూసేముందు లెక్కబెట్టు,
తెల్లముక్కను పక్కన పెట్టి.
డెబ్బై ఏడు రావాల.
ఏ పొద్దన్నా డెబ్బై ఎనిమిది వస్తే,
ఎంత రేత్రైనా సరే,
నన్ను లేపు.