తరుగు

మిర్యాలగూడ బైపాసు మీద
మిల్లు కాంటా కాడ పదకొండేండ్లుగా గుమస్తాను.
లారీ ఎక్కుతది, అంకె వెలుగుతది,
నేను రాస్త.
తేమ ఎంత, తాలు ఎంత,
ఆఖరి గడిల తరుగు:
క్వింటాకు మూడు కిలోలు.
ఎందుకని అడిగినోళ్లకు
నా దగ్గర ఒక్కటే జవాబు,
"అందరికీ అంతే."

మొన్న తండా బడికి నలభై బల్లలిచ్చినం.
సామాజిక బాధ్యత అని బ్యానరు కట్టినం.
చేతిరాత బాగుంటదని నన్నే పిలిచి
ఒక్కో బల్ల వీపు మీద సేటు పేరు రాయించిండ్రు.
పసుపు పెయింటు. ఎండకు జల్ది ఆరింది.

మనవడి వెంట ధీరావత్ కమ్లి వచ్చింది.
పోయిన యాసంగిల ఆమె వడ్లు
మా గేటు బయట ట్రాక్టర్లనే
రెండు రాత్రులు మంచుకు తడిసినయి.
బల్ల మీద అరచెయ్యి పెట్టి రుద్ది
"కట్టె మంచిదే" అన్నది.
నా దిక్కు తిరిగి, కోపం లేకుంట,
అంగట్ల ధర అడిగినట్టే అడిగింది:
"ఇది ఎన్ని కిలోలది, బిడ్డా?"

ఇంటికొచ్చి అన్నం ముట్టలే.
పాత పట్టీల కట్ట విప్పిన.
నలభై రెండు క్వింటాళ్లకు
నూట ఇరవై ఆరు కిలోలు.
అప్పటి ధరకు కట్టి చూస్తే
సరిగ్గా ఒక బల్ల.
పెయింటు ఖర్చు మాత్రం సేటుదే.

పొద్దున మళ్లా లారీ ఎక్కింది.
అంకె వెలిగింది.
తేమ రాసిన. తాలు రాసిన.
ఆఖరి గడి కాడ
గోళ్ల సందుల పసుపు కనబడ్డది.
వెనక లైన్ల
హారన్లు కొడుతున్నరు.