టేపు

మా ఊరి చక్కెర ఫ్యాక్టరీ మూతపడి
ఎన్నేళ్ళయిందో లెక్క మరిచిపోయాం.
నా నెత్తుట్లో మాత్రం
మూడో షిఫ్టు నడుస్తోందట.
ఆమదాలవలస స్టేషను దగ్గర ల్యాబులో
కాగితం మీద అంకె కిందన గీత గీసి
కుర్రాడు నవ్వాడు:
"అన్నం తగ్గించండి మేడమ్."
ఊపిరి కాస్త పొదుపుగా పీల్చమన్నట్టు.

నాది కొలిచే బతుకు.
ఈ వీధిలో ఎవరి నడుం ఎంతో నాకు తెలుసు,
ఎవరికీ చెప్పను.
ప్రతి జాకెట్టు లోపలా రెండంగుళాల గుడ్డ దాచి కుడతాను,
ఆడదాని ఒళ్ళు
ఒక్క కొలత దగ్గర నిలబడదు కనక.
నా జాకెట్లలో దాచిన గుడ్డ
పోయిన శ్రావణానికే అయిపోయింది.

మొదటి వారం
ఉడకబెట్టిన సొరకాయ తిన్నాను.
కారం లేదు, పోపు లేదు,
ఎవరో పోయిన ఇంట్లో భోంచేసినట్టు
మాటా పలుకూ లేకుండా.
ఆరో నాడు
పెళ్ళివారు జాకెట్లు పట్టుకెళ్తూ సారె పొట్లం ఇచ్చారు.
రాత్రి కరెంటు పోయినప్పుడు, నిలబడే,
మిషను మీద ఒక చెయ్యి ఆన్చి
రెండు సున్నుండలు, ఒక కజ్జికాయ,
ఇంకో సున్నుండ.
చీకట్లో తిన్నవి లెక్కలోకి రావనుకున్నాను.
టేపుకి చీకటేటి, వెలుగేటి.

సీతంపేట నుంచి సామలు తెచ్చే సొంబరమ్మ
సంతలో నా మొహం చూసి అడిగింది:
"ఎవులు పోనారమ్మా?"
ఎవరూ పోలేదు, పథ్యం, అన్నాను.
"పత్తెమైతే పోపెట్టుకోకూడదని
ఎవుడు సెప్పినాడు?"

ఆ రాత్రి సామలు నానబెట్టాను.
తెల్లారి
ఆవాలు, ఎండుమిరపకాయ, ఉప్పుకల్లు
రోట్లో నూరుతుంటే
ముక్కు ముందు మేలుకుంది,
తరవాత కళ్ళు,
ఆఖర్న నేను.
కంద ముక్కల్లో బచ్చలి తుంచి వేసి
చింతపండు రసం పోసి
ఒక్క చెంచా నూనెలో పోపు
(కొలిచాను, కొలవడం నా పని),
ఇంగువ మీద మూత పెట్టి, దించి,
అప్పుడు కూర్చున్నాను.
పొయ్యి మీదుండగా కలిపితే ఆవ చేదెక్కుతుంది.
చల్లారేదాకా చెయ్యి కట్టుకోవాలి.
మొత్తం పథ్యంలో
ఇంతకన్నా కష్టమైన నియమం నాకు కనబళ్ళేదు.

పట్టుదల అని ఒకటుంటుందట.
నా దగ్గర ఎప్పుడూ లేదు.
రాత్రి హుక్కులు కుడుతూ
ఉలవలు నీళ్ళలో పోశానా లేదా అని
ఒక గుబులు మాత్రం ఉంటుంది.
సాయంత్రం అయిదయ్యేసరికి
స్టేషను రోడ్డు బజ్జీల వాసన
ఏ రైలుకీ లేనంత టైముకి వచ్చేస్తుంది.
రానీ అనుకుంటాను.
పెనం మీద నూనె లేకుండా వేపిన నెత్తళ్ళు
మునగాకు కలిపిన చోడి రొట్టెలో మడిచి
కిటికీ వేసుకుని తింటాను.
ఒక్కోరోజు కిటికీ వెయ్యను,
బజ్జీలు కూడా తింటాను.
మర్నాడు మళ్ళీ రోలు దగ్గరే తెల్లారుతుంది.

నిన్న టేపు చుట్టుకున్నాను.
ముప్పై ఎనిమిదికీ ముప్పై తొమ్మిదికీ మధ్య
గీతలు అరిగిపోయాయి,
ఎన్ని నడుములు తిరిగిన టేపో.
అరంగుళం తగ్గిందో
నేనే ఊపిరి బిగబట్టానో,
రెండోసారి చూళ్ళేదు.

మధ్యాహ్నం మా ఈశ్వర్రావు
ఆటో నీడకి పెట్టి భోజనానికొచ్చాడు.
తన పళ్ళెంలో తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు.
నా గిన్నె కేసి చూసి
"అదేటి, రోగుల కూడా?" అంటూనే
ఒక ముక్క.
రుచి చూడ్డానికట.
ఇంకో ముక్క.
గరిటె అడ్డం పెట్టేలోపు
మూడోది.

ఇవాళ నాకు కంద తక్కువ పడింది.
రేపు పావుకిలో ఎక్కువ తేవాలి.