కారణం గడి

కాగితం మీద ఆ గడి రెండు వేళ్ల వెడల్పు.
గీసింది నేనే, రూళ్లకర్ర పెట్టి,
కోయిలకుంట్ల కచేరీలో, వడగాలికి సిరా
దవాతులోనే గడ్డకట్టే నెలలో.
పేరు. ఊరు. కులం. జీవనం.
చివర్న: తిరగబడుటకు కారణం.

దొర తొందరలో ఉన్నాడు.
"ఒక్క ముక్కలో రాయమను" అన్నాడు దుబాసీతో.
దుబాసీ నాతో అన్నాడు.
ముక్కలు చేయడం కచేరీకి కొత్తా?

మొదట బోయ పెద్దోబులేసు.
చేతికి సంకెల, మాటకు లేదు.
"మా జేజినాయన కనుమ కాసినాడు సామీ.
పులొచ్చినా దొంగొచ్చినా ముందు ఆయన రొమ్మే.
దానికిచ్చిన మాన్యం అది,
కుంచెడు జొన్నలు చల్లే చేను.
కాపలా ఇంక వద్దంటిరి.
సరే, బరిసె చూరులో పెడితిమి.
చేను గూడా మీదే అంటే
ఆ బరిసెను చూరులో ఎన్నాళ్లని నిలబెట్టేది?"
దుబాసీ తుమ్మినంత సేపట్లో
అదంతా ఇంగిలీషులోకి పోయింది.
"భూమి తగాదా" అని రాయమన్నారు.

రెండో మనిషి దూదేకుల హుసేనమ్మ.
కొండెక్కినోళ్లకు రొట్టెలు కట్టిచ్చిందని నేరం.
"ఇంటికి మొతర్ఫా కడితిమి,
ఏకే వింటికి మొతర్ఫా కడితిమి.
మొగుడు పోయినాడు. విల్లు గోడకు తగిలిస్తి.
పలకని వింటికి గూడా పన్నంటారే!
నారి తెంపి చూపిస్తి. తెగినదానికీ కట్టమనిరి.
ఆకలైనోళ్లొచ్చి వాకిట్లో నిలబడితే
రొట్టెకింకా పన్ను లేదు గదా అని
పెట్టినా."
దొర మీసం కింద నవ్వాడో, చెమటే తుడుచుకున్నాడో.
"ఆడదాని అవివేకం."
గడిలో సరిగ్గా పట్టింది.

మూడోవాడు, కాపు చిన్నమద్దిలేటి, మాట్లాడలేదు.
అటు తిరిగి నిలబడ్డాడు.
బండ మోసిన చోట వీపు
మే నెల నల్లరేగడి లాగా నెర్రెలిచ్చి ఉంది.
వాన రాని యేడు, కిస్తుకు తగ్గిన మూడు రూపాయలకు
పొద్దు వాలేదాకా ఎండలో వంగినవాడు.
ఆ బండ నాకు తెలుసు.
కచేరీ వాకిట్లోదే. సాయంత్రాలు దాని మీద కూచుని
నేను వక్కాకు నమిలేవాణ్ణి.
దుబాసీ దొర వైపు చూశాడు, దొర నా వైపు,
నేను గడి వైపు.
"ఏమీ చెప్పలేదు" అని రాశాను.

మాన్యాల లెక్కలో పెద్దోబులేసు పేరు మీద
అడ్డగీత కొట్టిన కలం కూడా ఇదే.
ఆ రోజు రూళ్లకర్ర వాడలేదు.
గీత కొంచెం వంకరపోయింది,
అంతే కదా అనుకున్నాను.

చేవ్రాలు రానివాళ్లు కింద నిశాని వేయాలి.
కలాన్ని గుప్పిట పట్టి, సంకెల కాగితమ్మీద ఈడుస్తూ
ఓబులేసు బరిసె గీశాడు.
హుసేనమ్మ విల్లు. నారి మరిచిందనుకొని
కలం మళ్లీ అందించబోతే
చెయ్యి వెనక్కి తీసుకుంది.
మద్దిలేటి నాగలి గీయాల్సినవాడు.
చాలాసేపు చూసి, ఒక గుండ్రటి మచ్చ పెట్టి
దాన్నే దిద్దాడు, దిద్దాడు,
సిరా అడుగు కాగితానికి దిగేదాకా.

దొర గడులు చదివించుకుని సంతకం చేశాడు.
కింది బొమ్మలతో ఆయనకు పని లేదు.
ఇసుక చల్లి, కట్ట కట్టి, ఎర్రగుడ్డ చుట్టి
కడప తపాలాకు ఇచ్చేశాను.

రాత్రి ఇంట్లో, ఆముదం దీపం కింద,
చెల్లని రశీదు ఒకటి తిరగేసి
నా నిశాని ఏమై ఉండేదా అని గీసి చూసుకున్నాను.
వంకర గీత వచ్చింది.
మళ్లీ గీశాను. అదే.
అక్షరాలొచ్చినవాణ్ణి.
ఇంతకాలం
గుర్తు అవసరం పడలేదు.