ఊపిరి సంచీ

రోగులకు తోడొచ్చినోళ్ళనే పిలిచినాను.
ఏ నొప్పీ లేనివాళ్ళు కావాలంది డాక్టరమ్మ.
వరండాలో చెంబు పట్టుకుని దొరసానమ్మ,
కొండమీద గుండు గొరిగే చెంగల్రాయులు,
దామలచెరువు మండీలో మామిడి బుట్టలు మోసే గంగులప్ప.

"నాకేం రోగం సామీ,
రాళ్ళు తిన్నా అరిగిపోతాయి"
నవ్వుతానే సంచీలోకి ఊదినాడు గంగులప్ప.
బుగ్గలు బూరెలైనాయి.

సాయంత్రానికి అంకెలొచ్చినాయి.
పదిమంది ఊదితే ఆరుగురి ఊపిర్లో
ఆ మెలితిరిగిన పురుగు జాడ.

"ఉండాదా, లేదా? ఒక మాట చెప్పు."
ఉండాది. జబ్బు లేదు.
"జబ్బు లేకుండా పురుగేంది?"
నా చేతిలో కాగితముంది, మాట లేదు.

ఏ ఎండాకాలం బోరింగు నీళ్ళతో వచ్చిందో,
అవ్వ నమిలి నోట్లో పెట్టిన చెనిక్కాయ పప్పుతోనో.
ఈ ఊళ్ళో ఎవరెక్కడినించి వచ్చినారని ఎవరడిగారు?
టవలు పరిచిన చోటల్లా సత్రమే.
ఇది మాత్రం
తెల్లారి లేచి పోయే రకం కాదు.
ఎప్పుడో, ఏదో ఒక ఇంట్లో నిప్పు పెడతాది.
ఏ ఇంట్లోనో ఈ సంచీ చెప్పదు.

"లోపల మా ఆయన కడుపులో పుండు, దీంతోనేనా?"
దీంతోనే అమ్మా.
"నాకూ ఉండాదా?"
ఉండాది.
"ముప్ఫై ఏండ్లు ఒకే తట్టలో తిన్నాము మరి"
చెంబెత్తుకుని నీళ్ళకు పోయింది దొరసానమ్మ.

రాత్రి గదికి తాళమేసే ముందు
ఒక సంచీ మిగిలుంటే ఊదినాను.
పేరు రాయలేదు.
క్యారేజీలో సంగటి చల్లారిపోయింది.
ఊరిబిండితో అంతా తిన్నాను,
ఆకలి బాగానే ఉంది.