రెండు మార్కుల వాన

శనివారం. సొహార్‌లో బడికి సెలవు, మాకు కాదు.
హాల్లో ఏసీ పద్దెనిమిదిలో పెట్టి
రిమోట్ ఎవరో పట్టుకుపోయారు.
కొంగులు, చున్నీలు మెడచుట్టూ బిగించుకుని
నలభై ఆరుగురం
మా పిల్లల్లాగే వెనక వరసల కోసం పోటీపడ్డాం.

ఢిల్లీ నుంచి దిగిన బరూవా మేడమ్
కొత్త పాఠ్యప్రణాళికను తెరమీదికి తెచ్చింది.
పాతదానిలో తప్పేమిటో చెప్పలేదు గానీ
పాతది చెప్పుకుంటూ వచ్చిన మమ్మల్ని మాత్రం
కాస్త జాలిగా చూసింది,
లేదా నాకలా తోచింది.
ఇరవై ఒక్క ఏళ్లలో ఇది నాలుగో కొత్త.
ప్రతిసారీ ఒక సంచి, ఒక పెన్ను, ఒక బాణాల బొమ్మ.
ఈసారి బాణాలన్నీ పిల్లవాడి వైపు తిరిగి ఉన్నాయి
(పోయినసారి వాడి నుంచి బయటికి పోయేవి).

"బట్టీ వద్దు" అన్న మాటను
మాచేత మూడుసార్లు పలికించింది.
ఫిలిప్పోస్ సారు చెయ్యెత్తి అడిగాడు:
ఇందులోంచి పరీక్షకు ఎన్ని మార్కులు?
నవ్వాం. జవాబు కోసం పెన్నులు మాత్రం
అందరం తెరిచే ఉంచాం.

కరక్ చాయ్, చల్లారిన సమోసా అయ్యాక
బల్లకొక పసుపు చార్టు, సిరా ఎండిన స్కెచ్ పెన్నులు.
మీరు తప్పు పెట్టిన జవాబు ఒకటి
గుర్తు తెచ్చుకోండి, అంది మేడమ్.
అది ఏ కిటికీలోంచి చూస్తే ఒప్పవుతుందో రాయండి.

డ్రాయింగ్ టీచర్ జెస్సికి వెంటనే దొరికింది.
రెండు కొండల మధ్య సూర్యోదయం గీయమంటే
ఒకడు సముద్రంలోంచి గీశాడట.
ఇక్కడ కొండలు పడమరన కదా, అని
తనలో తను అనుకుంటున్నట్టు అంది.
పదేళ్లుగా ఈ ఊళ్లోనే రోజూ తెల్లవారుతోంది తనకు.

నాది తబస్సుమ్.
కడప పిల్ల, మూడో తరగతి,
మూడో భాషగా తెలుగు.
వాళ్ల నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు.
ప్రశ్న: వాన గురించి రెండు వాక్యాలు రాయండి.
గైడులో జవాబు ఉంది:
వాన వల్ల పంటలు పండును. రైతులు సంతోషింతురు.
తరగతిలో పదకొండు మందీ అదే రాశారు,
చుక్క నేలమీద పడటం చూడనివాళ్లు కూడా.
తబస్సుమ్ రాసింది:
వాన అంటే సెలవు.
వానొస్తే నాన్న ఇంటికి రాడు.

రెండింటికీ అడ్డంగా ఒకటే గీత గీశాను.
చెయ్యి ఎత్తకుండా, ఎర్రగా.
పక్కన "పాఠం చదువు" అని కూడా రాశాను,
నా గుండ్రటి అక్షరాలతో.

ఆకాశం మబ్బేస్తే బళ్లు మూస్తారు ఇక్కడ.
వాదీ పొంగితే రోడ్డు తెగుతుంది,
అవతలి డ్యూటీలో ఉన్నవాడు అవతలే ఉండిపోతాడు.
అది నాకు తెలియదా?
ఆ ఏడు ఏప్రిల్లో రెండు రాత్రులు
మా ఆయనా అవతలే ఉండిపోయాడు.
కిటికీ దగ్గర నిలబడి ఫోన్ కలిపీ కలిపీ
పొద్దున్నే వెళ్లి పంటలు, రైతులు, సంతోషం
బోర్డు మీద రాశాను.

చార్టు మీద ఇదంతా రాయలేదు.
"వాన" అని రాసి పెన్ను ఎండిపోయిందన్నాను.
ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో తెలియదు,
కంపెనీ మారి నడి సంవత్సరంలో వెళ్లిపోయారు.
టీసీ మీద నడవడి: తృప్తికరం.

చివర్లో ఒక ఫారం ఇచ్చారు.
ఆదివారం నుంచి మీరు మార్చుకునే ఒక్క విషయం.
చిన్న పెట్టె, అగ్గిపెట్టెంత.
"రెండు మార్కులు" అని రాశాను.
ఎవరికో రాయడానికి చోటు చాల్లేదు.
కింద సంతకం, తేదీ.

బస్సు వాదీ దాటుతోంది. గులకరాళ్లు, ముళ్లతుమ్మలు,
ఎండలో ఒక మేక.
దారి పక్కన ఎరుపు తెలుపు పట్టీల కొలత కర్ర:
నీళ్లు ఎర్ర గీత దాకా వస్తే
ఇక దాటకూడదని.